కంప్యూటర్ పోలేదు, బల్ల మారింది

సంపాదకులు గారికి నమస్కారం.

నేను గుంటూరులో మిరపకాయలు ఎగుమతి చేసే ఒక మధ్యతరహా సంస్థలో జనరల్ మేనేజరుగా పనిచేస్తున్నాను. పెద్ద హోదాలో ఉన్నవారికి ఇక కంప్యూటరుతో పని లేదనీ, మంచి ట్యాబ్ ఒకటి చేతిలో ఉంటే కార్యాలయాన్నంతా సంచిలో వేసుకుని తిరగవచ్చనీ గుంటూరు, విజయవాడ వ్యాపార వర్గాల్లో కొంతకాలంగా వినిపిస్తున్న మాట మీ పాఠకుల చెవిన కూడా పడే ఉంటుంది. విజయవాడ బెంజి సర్కిల్ చుట్టుపక్కల హోటళ్లలో జరిగే సమావేశాలకు వెళితే, ఇదివరకు తోలుసంచుల్లోంచి ల్యాప్‌టాప్‌లు తీసే పెద్దమనుషులు ఇప్పుడు పలుచటి పలకలు తీస్తున్నారు. తీసే తీరులోనే ఒక దర్జా కనిపిస్తుంది. ఆ దర్జా మీద నాకు ఫిర్యాదేమీ లేదు. అయితే ఆ మాటలో ఎంత నిజముందో మూడు నెలలపాటు స్వయంగా పరీక్షించి చూసే అవకాశం నాకు కలిగింది కనుక, అలాంటి నిర్ణయం తీసుకోబోతున్న సంస్థలకు ఉపయోగపడవచ్చునన్న ఆశతో ఈ లేఖ రాస్తున్నాను. టాబ్లెట్ అంటే మా ఇంట్లో ఇప్పటికీ మందుబిళ్లే కాబట్టి, అందరూ వాడే ట్యాబ్ అన్న మాటనే నేనూ వాడతాను.

మా సంస్థలో డైరెక్టర్లు నలుగురు. సంక్రాంతికి ముందు జరిగిన సమావేశంలో వారిలో చిన్నవారు, డైరెక్టర్లకూ నాకూ ఉన్న కంప్యూటర్లు తీసేసి ట్యాబ్‌లు ఇస్తే మోత బరువు తగ్గుతుందనీ, కొన్నేళ్లకోసారి యంత్రాలు మార్చే ఖర్చు కూడా కలిసివస్తుందనీ ప్రతిపాదించారు. పెద్దాయన నా వైపు చూసి, "ముందు మీరు వాడి చూడండి, తర్వాత మేం మారతాం" అన్నారు. కొత్త మందును ముందు నాలుగు సాళ్ల మీద కొట్టి చూసి, ఆ తర్వాతే చేనంతా కొట్టే రైతు కుటుంబం నుంచి వచ్చిన మనిషి ఆయన. అలా జనవరి ఆఖరులో నా బల్ల మీది కంప్యూటరును స్టోరు గదికి పంపించి, 11 అంగుళాల ట్యాబ్, దానికి అతుక్కునే కీబోర్డు, తెర మీద రాసే పెన్ను తీసుకుని పని మొదలుపెట్టాను. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి యార్డుకు సరుకు పోటెత్తే కాలం కాబట్టి, మా పనిలో ఏ ఏర్పాటు నిలబడుతుందో, ఏది నిలబడదో తేలేది ఆ మూడు నెలల్లోనే.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. ట్యాబ్ చాలదు అనేవారిలో ఎక్కువమంది దానికి బలం లేదని అనుకుంటారు. 2010లో మొదటి ఐప్యాడ్ వచ్చినప్పుడు ఆ అనుమానంలో అర్థముంది, 9.7 అంగుళాల తెరతో, 680 గ్రాముల బరువుతో వచ్చిన ఆ పలకను చదువుకోవడానికీ, బొమ్మలు చూసుకోవడానికీ కొనుక్కున్నవారే ఎక్కువ. 2012లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన సర్ఫేస్ ఆర్‌టీ చూడటానికి విండోస్‌లాగే ఉన్నా, మామూలు విండోస్ ప్రోగ్రాములు దానిలో ఎక్కేవి కావు. మరుసటి ఏడాది ఆ సంస్థ దాని కింద 90 కోట్ల డాలర్ల నష్టాన్ని లెక్కల్లో చూపవలసి వచ్చింది. ఆ రోజులు పోయాయి. 2020 చివర మ్యాక్‌బుక్ ఎయిర్ ల్యాప్‌టాప్‌లో పెట్టిన ఎం1 చిప్‌నే యాపిల్ సంస్థ 2021లో ఐప్యాడ్ ప్రోలో కూడా పెట్టింది. ఐప్యాడ్‌ను మౌసుతో హాయిగా వాడుకునే వీలు 2020లో వచ్చింది, తెర మీది కిటికీలను ఇష్టమొచ్చిన కొలతలో సర్దుకునే వీలు 2025లో వచ్చింది. రెండింటిలోనూ గుండెకాయ ఒకటే అయ్యాక బలాబలాల చర్చతో ప్రయోజనం లేదు.

ట్యాబ్ ఎక్కడ గెలిచిందో ముందు చెప్పడం న్యాయం. మా పనిలో సగం బల్ల దగ్గర జరగదు. పొద్దున్నే యార్డులో కమీషన్ ఏజెంట్ల కొట్ల ముందు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, విప్పించి కాయ చూడాలి, మధ్యాహ్నం కోల్డ్ స్టోరేజిలో నిల్వలు సరిచూసుకోవాలి, సాయంత్రం బయటి దేశపు కొనుగోలుదారుతో వీడియోలో మాట్లాడాలి. ల్యాప్‌టాప్‌తో యార్డులోకి వెళితే కూర్చునే చోటు వెతుక్కోవడంతోనే పుణ్యకాలం గడిచిపోయేది. పైగా మిరప ధూళి సంగతి బయటివారికి తెలియదు. కళ్లకూ ముక్కుకూ తగిలే ఘాటు అందరికీ తెలిసిందే కానీ, ల్యాప్‌టాప్ ఫ్యాను గుండా లోపలికి పోయి పేరుకునే ఎర్రటి పొడి అంతకంటే మొండిది. అలా పాడైన యంత్రాలు మా కార్యాలయంలో మూడున్నాయి. నాకిచ్చిన ట్యాబ్‌కు ఫ్యానే లేదు. సాయంత్రం తడిగుడ్డతో తుడిస్తే పొద్దుటికి మళ్లీ సిద్ధం. తేజ రకం మిర్చి లాటు ముందు నిలబడి ఫొటో తీసి, ఆ ఫొటో మీదే పెన్నుతో రంగు పోయిన తాలుకాయ ఉన్న చోట సున్నా చుట్టి, ఏ ధర దాకా వెళ్లవచ్చో పక్కన రాసి మా కొనుగోలు చూసే కుర్రవాడికి పంపితే, ఫోనులో పది నిమిషాలు వివరించవలసిన పని అర నిమిషంలో ముగిసేది. ఈ ఒక్క సౌకర్యానికి ట్యాబ్‌ను ఎంత మెచ్చుకున్నా తక్కువే.

చదువు విషయంలో కూడా అంతే. ఎగుమతి ఒప్పందాలు, బూజు వల్ల కాయలో చేరే అఫ్లటాక్సిన్ విషం గురించి ప్రయోగశాలల నుంచి వచ్చే నివేదికలు, బ్యాంకు పంపే పత్రాలు కలిపి నా ముందుకు రోజుకు ఎన్నో పేజీలు వస్తాయి. తెనాలిలో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై చేరేలోగా ఒక ఒప్పందం మొత్తం చదివి, అభ్యంతరమున్న చోటల్లా అంచుల్లో చేత్తో రాసి, స్టేషనులో దిగకముందే తిరిగి పంపగలిగాను. పక్కవాడి మోచెయ్యి తగలకుండా ల్యాప్‌టాప్ తెరవలేని సీటులో ఇది చిన్న లాభం కాదు. చత్వారం వచ్చిన మా పెద్ద డైరెక్టరు గారు అక్షరాన్ని రెండు వేళ్లతో పెద్దది చేసుకుని చదవడం చూశాక, ఆయన చేత మళ్లీ కాగితాల కట్ట మోయించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

ట్యాబ్‌కు శత్రువు ఎండ. ఐప్యాడ్ వంటి వాటిని 35 డిగ్రీలకు లోబడిన వేడిలో వాడమని తయారుచేసినవారే చెబుతారు. ఎండ ముదిరితే గుంటూరు 40 దాటుతుందని వారికి ఎవరూ చెప్పినట్టు లేదు. మిట్టమధ్యాహ్నం యార్డు ఆవరణలో రెండుసార్లు నా ట్యాబ్, చల్లబడే వరకు పనిచేయనని తెర మీద సందేశం చూపించి ఊరుకుంది. కోల్డ్ స్టోరేజిలోంచి బయటికి వచ్చినప్పుడు అద్దమంతా చెమ్మ పట్టేది. తువ్వాలుతో తీరే కష్టాలే కాబట్టి వీటిని లెక్కలోకి తీసుకోలేదు.

మూడో వారం దాటాక నాకు వేరే అనుమానం మొదలైంది. నా పని హాయిగా సాగుతున్నదన్న మాట నిజమే, కానీ అదే సమయంలో అకౌంట్స్ గదిలో దీపాలు రాత్రి ఎనిమిదిన్నర దాకా వెలుగుతున్నాయి. సీజను కదా అనుకున్నాను. తర్వాత ఒకరోజు నేను పంపిన సందేశాలన్నీ తిరగేసి చూస్తే సంగతి బోధపడింది. "ఈ పట్టికలో రవాణా ఖర్చు మార్చి మళ్లీ పంపండి", "ఈ రెండు నివేదికలు కలిపి ఒకటి చేయండి", "పాత ధరతో పోల్చి ఒక వరుస చేర్చండి" అంటూ రోజుకు పదీ పన్నెండు. ఇదివరకు నా బల్ల మీది కంప్యూటరులో ఐదేసి నిమిషాల్లో నేనే చేసుకున్న పనులవి. ట్యాబ్‌లో చేయబోతే అరగంట పట్టి విసుగు వస్తుంది కనుక, నాకు తెలియకుండానే వాటిని ఇంకొకరికి నెట్టేస్తున్నాను. నేను కంప్యూటరును వదిలించుకున్నానని అందరికీ చెప్పుకుంటున్న రోజుల్లో అది నా గదిలోంచి రెండు గదుల అవతల మరొకరి బల్ల మీదికి చేరి, వారి పని గంటల్ని తింటూ కూర్చున్నది.

2021 ఫిబ్రవరి 1న కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారు ఎర్రటి వస్త్రంలో చుట్టిన ట్యాబ్‌ను లోక్‌సభకు తీసుకువచ్చి, దానిలో చూసి బడ్జెట్ ప్రసంగం చదివిన దృశ్యం చాలామందికి గుర్తుండే ఉంటుంది. కాగితం లేని బడ్జెట్ అని అందరం మెచ్చుకున్నాం, మెచ్చుకోవలసిందే. మంత్రిగారి స్థానంలో ఉన్నవారికి చదవడానికి ట్యాబ్ అన్ని విధాలా సరిపోతుంది. అయితే ఆ ప్రసంగం వెనుక ఉన్న పద్దుల్లోని ఒక్కొక్క అంకెనూ ఎక్కడో ఒక అధికారి పెద్ద తెర ముందు కూర్చుని కూర్చవలసిందే కదా. మా డైరెక్టర్ల సమావేశం కూడా చిన్న ఎత్తున అదే తంతు. వారి చేతుల్లోకి వచ్చే పది పేజీల నివేదికకు వెనుక మా అకౌంటెంటు, నేను, ఆడిటరు గారి ఆఫీసులో ఇద్దరు కుర్రవాళ్లు ఉంటాం. అందుకే నలుగురు డైరెక్టర్లలో ఎవరు ట్యాబ్‌కు మారినా కార్యాలయంలో కంప్యూటర్ల పని గంటలు తగ్గవు. మేనేజరు మారితే మటుకు పెరుగుతాయి.

ఏ పనులు ఇబ్బంది పెట్టాయో వివరంగా చెప్పకపోతే ఇది ఉత్త చాదస్తంగా కనిపించవచ్చు. యార్డులో ఏ రకం ఎంతకు పలికిందో, ఎన్ని టిక్కీలు వచ్చాయో ప్రతిరోజూ మేము ఎక్సెల్ పట్టికలో ఎక్కిస్తాం. తేజ, 334, 341, బాడిగ, తాలు అంటూ రకాలకు విడివిడి పుటలు, వాటి మీద కోల్డ్ స్టోరేజి అద్దె, హమాలీ, గోతాం ఖర్చు, కంటెయినరు కిరాయి, డాలరు మారకం రేటు అన్నీ కలిపి కిలో ఎంతకు పడుతుందో తేల్చే పట్టిక ఒకటి. పూర్వం మా దగ్గర పనిచేసిన ఒకాయన దానిలో మ్యాక్రోలు రాసిపెట్టి వెళ్లారు; ఒక బొత్తాం నొక్కితే వారం నివేదిక తయారవుతుంది. ట్యాబ్‌లోని ఎక్సెల్ ఆ పట్టికను తెరిచి చూపిస్తుంది, అంకెలు మార్చనిస్తుంది, బొత్తాం మాత్రం నొక్కినా పలకదు. విండోస్, మ్యాక్ కంప్యూటర్లలో నడిచే ఆ మ్యాక్రో భాష ఐప్యాడ్, ఆండ్రాయిడ్ ఎక్సెల్‌లలో లేదు. ఒక పట్టిక పక్కన ఇంకొకటి, వాటి మధ్యలో కొనుగోలుదారు ఈమెయిలు పెట్టుకుని ధర తేల్చవలసిన పూట 11 అంగుళాల తెర ఎంత ఇరుకో కూర్చుని చూస్తేనే తెలుస్తుంది. అలాంటి వేళ చూపు ఒకచోట నిలవక, ఒక అంకెను చూసి రెండో కిటికీలోకి వెళ్లేలోగా మరిచిపోయి మళ్లీ వెనక్కి రావడం జరిగేది. ఒకసారి నేను డాలరు రేటు చదవవలసిన చోట క్వింటా ధర చదివి కొటేషను పంపబోయాను. పంపేముందు మా అకౌంటెంటు చూసి ఆపకపోతే పరువు పోయేది.

కొనేవారికి ఇక్కడే ఒక చిన్న సంగతి చెప్పాలి. తెర 10.1 అంగుళాలు దాటిన ట్యాబ్‌లలో వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను దిద్దాలంటే మైక్రోసాఫ్ట్‌కు చందా కట్టాలి. అంతకు చిన్న తెరలయితే సొంత వాడకపు మామూలు దిద్దుబాట్లకు చందా అక్కరలేదు. పని కోసమని పెద్ద తెర కొన్నవారికి చందా, కళ్లు చికిలించుకునేవారికి ఉచితం. దుకాణంలో అమ్మేవారు ఈ మాట తమంతట తాము చెప్పరు.

లెక్కలు రాసే ట్యాలీ ప్రోగ్రాము సంగతి అందరికీ తెలిసిందే. గుంటూరు, విజయవాడల్లో నూటికి తొంభై దుకాణాల లెక్కలు దానిమీదే నడుస్తున్నాయంటే నేను అంకె తయారుచేసినట్టవుతుంది కాబట్టి అలా అనను. మా వీధిలో మాత్రం దానితో పని లేని వ్యాపారిని నేను చూడలేదు. అది విండోస్ కంప్యూటరు కోసం తయారైన ప్రోగ్రాము. మాలాగా ఆఫీసు కంప్యూటరులో ఎక్కించుకున్నవారు ట్యాబ్‌లో దాన్ని వాడాలంటే ఆ కంప్యూటరును దూరం నుంచి తెర మీదికి రప్పించుకోవాలి. నేను అదీ చేశాను, పనిచేసింది కూడా. అయితే అవతల కంప్యూటరు ఆన్‌లో ఉండాలి, యూపీఎస్ నిలవాలి, రెండు చోట్లా ఇంటర్నెట్ ఉండాలి. మౌసు కోసం రూపొందించిన సన్నటి గడులను వేలితో తడుముకోవాలి. కంప్యూటరుకు బదులుగా తెచ్చుకున్న ట్యాబ్, తన పని తాను చేయడానికి వెనుక ఒక కంప్యూటరును కాపలా పెట్టమంటే ఏమనుకోవాలి?

తెలుగు పత్రాలదీ ఇదే కథ. రైతులకు పంచే కరపత్రాలు, గోదాము ముందు పెట్టే బోర్డులు మేము అరండల్‌పేటలో డీటీపీ చేయిస్తాం. అక్కడి నుంచి వచ్చే ఫైలు అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో ఉంటుంది. ఆ ఫాంట్లు అన్ని యంత్రాలూ గుర్తుపట్టే యూనికోడ్ పద్ధతివి కావు కనుక, ఆ పాఠాన్ని ట్యాబ్‌లోకి తెచ్చుకుంటే తెలుగుకు బదులు అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ఇందులో తప్పు ట్యాబ్‌ది కాదని ఒప్పుకుంటాను. పాతికేళ్ల నాటి అలవాటును వదలలేని మనదే. ప్రూఫును ఫొటోగా పంపించమని అడిగి గడుపుకున్నాను.

ఇంతవరకు చెప్పినవన్నీ విసుగులు, ఆలస్యాలు. మార్చి 20న జరిగినది వేరు.

ఫిబ్రవరి నెల పన్ను లెక్క చూపే జీఎస్టీ 3బి రిటర్నుకు ఆ రోజు గడువు. మా అకౌంటెంటు చెల్లెలి పెళ్లికని బాపట్ల వెళ్లాడు. లెక్కలన్నీ సిద్ధం చేసి, సంతకం ఒక్కటి మిగిల్చి వెళ్లాడు. సంస్థ తరఫున అధీకృత సంతకందారును నేను. చిన్న కిరాణా వ్యాపారి అయితే ఫోనుకు వచ్చే ఓటీపీతో రిటర్ను దాఖలు చేయవచ్చు కానీ, నిబంధనల ప్రకారం కంపెనీలు డిజిటల్ సంతకంతోనే చేయాలి. ఆ సంతకం పెన్‌డ్రైవ్‌లాంటి ఒక చిన్న టోకెన్‌లో ఉంటుంది. అది అకౌంటెంటు సొరుగులో ఉంది. ట్యాబ్‌కు పట్టే అడాప్టరు ఒకటి తెప్పించి టోకెన్ పెడితే దానిలోని చిన్న దీపం వెలిగింది, అంతకుమించి ఏమీ జరగలేదు. టోకెన్‌ను గుర్తించే డ్రైవరు, సంతకాన్ని పోర్టలుకు అందించే సహాయక ప్రోగ్రాము కంప్యూటర్ల కోసం చేసినవి. ట్యాబ్‌లో అవి ఎక్కవు. సరే, పక్క బల్ల మీది కంప్యూటరులో పెడదామని కూర్చుంటే పిన్ నంబరు అడిగింది. నా సంతకానికి పిన్ ఏమిటో నాకు తెలియదు. బాపట్లకు ఫోను చేస్తే, మంగళవాయిద్యాల చప్పుడు మధ్య, "డైరీ వెనక అట్ట లోపల రాసి ఉంది సార్" అన్నాడు. చివరికి రాత్రి తొమ్మిదికి బ్రాడీపేటలోని ఆడిటరు గారి ఆఫీసులో కూర్చుని దాఖలు చేశాం.

గడువు దాటితే పడే రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము, ఏడాదికి 18 శాతం వడ్డీ గురించి నేను బాధపడటం లేదు. ఇంటికి వచ్చాక నిద్ర పట్టనివ్వనిది వేరే ఆలోచన. నా కంప్యూటరు స్టోరు గదికి వెళ్లిన రోజున ఆ టోకెన్ ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. ట్యాబ్‌లో ఎలాగూ పట్టదు కాబట్టి అకౌంట్స్‌లో ఉండనివ్వమని నేనే అన్నాను. పాత పిన్ మరిచిపోతే కొత్తది పెట్టుకోమని చెప్పిందీ నేనే. ఆ రెండు నెలల్లో నా పేరున ఎన్ని సంతకాలు జరిగాయో మర్నాడు ఒక్కొక్కటిగా సరిచూశాను. ఒక్క తప్పు కూడా లేదు, ఆ అబ్బాయి నిజాయతీ మీద నాకు ఇప్పుడూ ఎప్పుడూ అనుమానం లేదు. అయినా వాటిలో ఒక్కటైనా నేను చూసి చేసిన సంతకం కాదు. ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి పుస్తకం అప్పగించేవారిని చూసి నవ్వే నేను, అంతకంటే పెద్ద పని చేశాను. చెక్కు మీద సంతకం ఆ ఒక్క చెక్కుకే చెల్లుతుంది, టోకెన్ గడువు తీరే దాకా ప్రతి పత్రానికీ చెల్లుతుంది.

2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 42వ సెక్షను ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. సంతకం ఎవరి పేరున జారీ అయిందో వారు టోకెన్‌లో ఉండే దాని రహస్య తాళంచెవిని తమ అధీనంలో ఉంచుకోవడానికి తగిన జాగ్రత్త తీసుకోవాలి. అది ఇతరుల చేతిలో పడితే ఆలస్యం చేయకుండా జారీ చేసినవారికి తెలియజేయాలి, తెలియజేసే వరకు బాధ్యత వారిదే. నాకు తెలిసిన కంపెనీల్లో ఎన్నిటిలో డైరెక్టర్ల టోకెన్లు డైరెక్టర్ల దగ్గరే ఉన్నాయని నేను విచారిస్తే, చాలామంది నవ్వి ఊరుకున్నారు. ఆడిటరు ఆఫీసుల్లో రబ్బరు బ్యాండు చుట్టిన డబ్బాల్లో, ఒక్కొక్కదానికి పేరు అంటించి, పక్కనే పిన్ రాసి ఉంచుతారని చెప్పినవారూ ఉన్నారు. ఈ అలవాటు ట్యాబ్‌లతో పుట్టింది కాదు. కానీ తన సంతకాన్ని తాను చేసుకునే యంత్రాన్ని గదిలోంచి తీసేసిన అధికారికి ఇంకో దారి ఉండదు కనుక, ట్యాబ్ దాన్ని స్థిరపరుస్తుంది.

ఇక్కడ ఒక చిత్రం గమనించాలి. హోదా పెరిగే కొద్దీ కంప్యూటరు అవసరం తగ్గుతుందని మొదలైన వాదన ఇది. సంతకం దగ్గరికి వచ్చేసరికి తలకిందులైంది. సొంత దుకాణం నడుపుకునే చిన్న వ్యాపారి ఓటీపీతో ఫోనులోనే రిటర్ను ముగించగలడు. వ్యక్తులు తమ ఆదాయపన్ను రిటర్నును ఆధార్ ఓటీపీతో ధ్రువీకరించుకోగలరు. కంపెనీ డైరెక్టరు, అధీకృత అధికారి మాత్రం టోకెన్ పట్టుకుని కంప్యూటరు ముందుకు రావలసిందే. టెండర్లలో పాల్గొనేవారికీ ఇదే పరిస్థితి. ఆధార్ ఆధారంగా ఆన్‌లైన్‌లో సంతకం చేసే ఈ-సైన్ పద్ధతి మన దేశంలో 2015 నుంచే ఉంది. తగిన జాగ్రత్తలతో దాన్ని కంపెనీల దాఖలాలకు కూడా విస్తరిస్తే పై అధికారి ప్రయాణంలో ఉన్నా తన సంతకం తానే చేయగలడు, పిన్ నంబర్లు డైరీ అట్టల్లోకి ఎక్కవు. నిబంధనలు రాసేవారి దృష్టికి ఈ మాట మీ పత్రిక ద్వారా వెళితే సంతోషిస్తాను.

ఖర్చు సంగతి కూడా కొంత చెప్పాలి, ఎందుకంటే మా ప్రతిపాదన మొదలైంది అక్కడే. పలక ధర ఒక్కటే చూస్తే ట్యాబ్ చవక. దానికి కీబోర్డు, పెన్ను, ఎక్సెల్ చందా, అడాప్టర్లు కలిపాక మా అకౌంటెంటు లెక్క వేస్తే, మధ్యరకం ల్యాప్‌టాప్ ధరను దాటింది. బరువూ అంతే. 2020లో వచ్చిన 12.9 అంగుళాల ఐప్యాడ్ ప్రో 641 గ్రాములు, దాని మ్యాజిక్ కీబోర్డు సుమారు 700 గ్రాములు. రెండూ కలిపితే అదే ఏడాది వచ్చిన 1.29 కిలోల మ్యాక్‌బుక్ ఎయిర్ కంటే బరువు. గంపలో కూరగాయలు తేలికే, గంపతో తూచేసరికి లెక్క మారుతుంది.

యాపిల్ సంస్థను నడిపిన స్టీవ్ జాబ్స్ 2010లో ఒక సదస్సులో కంప్యూటర్లను ట్రక్కులతోనూ, ట్యాబ్‌లను కార్లతోనూ పోల్చారు. దేశం వ్యవసాయం మీద నడిచినప్పుడు వాహనాలన్నీ ట్రక్కులే, పట్టణాలు పెరిగాక కార్లు వచ్చాయి, అలాగే కంప్యూటర్లు ఉంటాయి కానీ వాటి అవసరం కొద్దిమందికే ఉంటుందని ఆయన భావం. విజయవాడ ఆటోనగర్‌ను చూస్తూ పెరిగినవారికి ఈ పోలిక తేలిగ్గా అర్థమవుతుంది, దానిలోని వెలితి కూడా. యజమాని కారు కొనుక్కున్న రోజున లారీలు తగ్గవు. మిర్చి టిక్కీలు ఓడరేవు చేరాలంటే ఎవరో ఒకరు లారీ నడపాలి. నేను కారులోకి మారాననుకుని, నా వంతు లారీని ఇంకొకడి చేత రాత్రిపూట నడిపించాను.

మే మొదటి వారంలో ఈ వివరాలన్నీ డైరెక్టర్ల ముందు పెట్టాను. చదవడం, అభిప్రాయం రాయడం మాత్రమే చేసే ఇద్దరు పెద్ద డైరెక్టర్లకు ట్యాబ్‌లు ఇచ్చాం, వారి బల్లల మీది కంప్యూటర్లు తీసేశాం. సమావేశాల గదిలో సంతకాల కోసమే ఒక కంప్యూటరు ఉంచాం. టోకెన్లు వారివారి దగ్గరే ఉంటాయి, సంతకం అవసరమైనప్పుడు వారే వచ్చి, పత్రం చదివి, పిన్ కొడతారు. బ్యాంకు వ్యవహారాలూ ధరల లెక్కలూ చూసే మిగతా ఇద్దరు, ప్రతిపాదన తెచ్చిన చిన్నాయనతో సహా, తమ కంప్యూటర్లను వదులుకునేది లేదని చెప్పారు. అన్నింటికన్నా మంచి నిర్ణయం నేను అడగకుండానే పెద్దాయన చేశారు. ట్యాబ్ వల్ల నిజంగా లాభం పొందేది యార్డులో ఎండలో నిలబడి కాయ చూసేవారే కదా అని, అధికారుల కోసం కేటాయించిన డబ్బులో మిగిలిన దానితో మా కొనుగోలు కుర్రవాళ్లు ఐదుగురికీ తలా ఒకటి కొనిపించారు. హోదా గుర్తుగా ఇవ్వబోయిన వస్తువు అలా పనివాడి చేతికి చేరింది.

నా కంప్యూటరును స్టోరు గదిలోంచి తెప్పించి, మూడు నెలల దుమ్ము దులిపించి మళ్లీ బల్ల మీద పెట్టించాను. ట్యాబ్ కూడా ఉంచుకున్నాను, యార్డుకు వెళ్లేటప్పుడూ రైల్లోనూ అదే నా తోడు. పిన్ మార్చాను. టోకెన్ ఇప్పుడు నా ఇంటి తాళాల గుత్తికే వేలాడుతోంది. ఈ లేఖలో నా పేరు, మా సంస్థ పేరు ప్రచురించవద్దని మనవి.

ఇట్లు,
భవదీయుడు,
ఒక ఎగుమతి సంస్థ జనరల్ మేనేజరు,
గుంటూరు.